ముద్దాయికి కుర్చీ ఏదీ?

"ఈ ఆటలు ఆడితే చరిత్ర దానంతటదే వచ్చేస్తుంది గురూ" అనే మాటా, "అబ్బా, ఆటే కదా, మరీ అంత సీరియస్‌గా తీసుకుంటే ఎలా" అనే మాటా ఒకే మనిషి నోట, ఒకే సాయంత్రం, పది నిమిషాల తేడాలో విన్నాక ఈ టపా రాయక తప్పలేదు. ఆ రెండిట్లో ఏదో ఒకదాని మీదే నిలబడాలి. చరిత్ర నేర్పేదే ఐతే, తప్పు నేర్పినప్పుడు నిలదీయనివ్వాలి. ఉత్త ఆటే ఐతే డబ్బా మీద చరిత్ర, చరిత్ర అని ఊదరగొట్టడం మానెయ్యాలి. లాభం వచ్చినప్పుడు చరిత్ర, చిక్కొచ్చినప్పుడు ఆట అంటే కుదరదు కదా!

నేను మాట్లాడుతున్నది అష్టా చెమ్మా గురించో మోనోపలీ గురించో కాదు, ఇద్దరే ఆడే చరిత్ర ఆటల గురించి. ఒక పెద్ద అట్ట, దాని మీద మ్యాపు, గుట్టెడు కార్డులు, పాతిక ముప్ఫై పేజీల రూల్సు పుస్తకం. ఒకరు అమెరికా, ఇంకొకరు సోవియట్ యూనియన్. లేదా ఒకరు నిక్సన్, ఇంకొకరు ఆయన వెంటపడ్డ పత్రిక. లేదా ఒకరు ప్రాసిక్యూషన్, ఇంకొకరు డిఫెన్సు. మూడు గంటలు కూర్చుంటే ఒక కోల్డ్ వార్ ఐపోతుంది. ఇంకో డబ్బా తెరిస్తే ఒక మనిషికి ఉరిశిక్ష పడుతుందో లేదో కాఫీ చల్లారేలోపు తేలిపోతుంది. రోజంతా వేరేవాళ్ళు రాసిన కోడు చదివి తల వాచిపోయిన మాబోటివాళ్ళకి ఇవి మహా బాగా నచ్చుతాయి. నాకూ నచ్చుతాయి. అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇది చదివి "ఆడటం చేతకాక ఏడుస్తున్నాడు" అనేవాళ్ళు ఎలాగూ తయారవుతారు.

అన్నిటికంటే పేరున్న ఆటతో మొదలెడదాం. "ట్వైలైట్ స్ట్రగుల్". 2005లో జీఎంటీ గేమ్స్ వేసింది, చేసినవాళ్ళు ఆనంద గుప్తా, జేసన్ మాథ్యూస్. బోర్డ్‌గేమ్‌గీక్ ర్యాంకుల్లో కొన్నేళ్ళపాటు మొదటి స్థానంలో కూర్చున్న ఆట. 1945 నుంచి 1989 దాకా కథ. దాని గొప్పతనం ఏంటంటే, మీ చేతిలోకి మీ శత్రువు కార్డులు కూడా వస్తాయి. వాటిని వాడితే శత్రువుకి మేలు చేసే సంఘటన జరిగి తీరుతుంది. ఏ చెడ్డ వార్తని ఎప్పుడు మింగాలా అని చెమటలు పట్టడమే ఆట. అణుయుద్ధం ఎంత దగ్గర్లో ఉందో చూపించే డెఫ్‌కాన్ అనే మీటరొకటి ఉంటుంది, అది అడుక్కి దిగితే ఎవరి వంతులో దిగిందో వాళ్ళు ఓడిపోయినట్టే. నలభై ఏళ్ళ భయాన్ని రెండు లైన్ల రూలులో పెట్టడం మామూలు పని కాదు, టోపీ తీసి దణ్ణం పెడతాను.

ఇహ మన దేశం సంగతి. ఈ ఆటలో ఇండియా ఒక గడి. దాని మీద 3 అని అంకె, అంటే స్థిరత్వం. పక్కన పాకిస్తాన్‌కి 2. అమెరికా ఆటగాడు ఆ గడిలో నీలం బిళ్ళలు పెడతాడు, సోవియట్ ఆటగాడు ఎర్ర బిళ్ళలు పెడతాడు, ఎవరివి ఎదుటివాడి కంటే మూడు ఎక్కువుంటే దేశం వాళ్ళది. ఎవరివీ సరిపడా లేకపోతే? ఎవరిదీ కాదు, అంతే. నెహ్రూ, నాసర్, టిటో కలిసి తలలు బద్దలు కొట్టుకున్న అలీన విధానం ఈ అట్ట మీద కనిపించే తీరు ఇది: ఇంకా కబ్జా కాని ప్లాటు! చైనాకైతే ఆ ప్లాటు కూడా లేదు. చైనా ఒక కార్డు. ఒకడు వాడుకుని రెండోవాడికి ఇచ్చేస్తాడు.

భారత్-పాక్ యుద్ధం అని ఒక కార్డుంది. ఎవరు ఎవరి మీదకి వెళ్ళారన్నది కార్డు వాడినవాడి ఇష్టం. పాచిక వెయ్యాలి, దాడికి గురైన దేశం చుట్టుపక్కల ఎదుటివాడి చేతిలో ఎన్ని దేశాలుంటే అన్ని తగ్గించుకోవాలి, నాలుగూ ఆ పైన మిగిలితే గెలుపు, రెండు పాయింట్లు. 1971లో ఏం జరిగింది? తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఆగస్టు 9న ఇందిరాగాంధీ ప్రభుత్వం సోవియట్లతో ఒప్పందం చేసుకుంది, అంటే సూపర్ పవర్‌ని తన అవసరానికి తను వాడుకుంది. అమెరికా విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చినా యుద్ధం ఆగలేదు. డిసెంబరు 16న 93,000 మంది లొంగిపోయారు, ఒక కొత్త దేశం పుట్టింది. ఆ దేశానికి ఈ అట్ట మీద గడే లేదు. ఎవరు ఎవరిని వాడుకున్నారన్న ప్రశ్న అడగడానికి ఈ రూల్సులో మాటలే లేవు, ఎందుకంటే వాడుకునే హక్కు కుర్చీల్లో కూర్చున్న ఇద్దరికే ఉంది.

చేసినవాళ్ళు దొంగలు కారు, అది ఒప్పుకోవాలి. రూల్సు పుస్తకం వెనకాల తమ మాటల్లోనే చెప్పేశారు: కోల్డ్ వార్ తనలో తాను నమ్ముకున్న తర్కాన్నంతా, అబద్ధమని తేలిపోయిన భాగాలతో సహా, ఈ ఆట నిజమనే తీసుకుంటుందని. ఒక దేశం పడితే పక్క దేశం పడుతుందన్న డామినో సిద్ధాంతం ఉంది చూశారూ, అది బయట ప్రపంచంలో వాదన, ఈ ఆటలో భూమ్యాకర్షణ లాంటిది. ఇంత నిజాయితీ చాలా చరిత్ర పుస్తకాల ముందుమాటల్లో కూడా ఉండదు. నా గొడవ వాళ్ళతో కాదు. ఆ పేజీ తిప్పకుండా ఆడేసి, "కోల్డ్ వార్ అంటే ఏంటో నాకు దీనివల్లే అర్థమైంది" అని తిరిగే మా గుంపులోని పెద్దమనుషులతో. మీకు అర్థమైంది కోల్డ్ వార్ కాదు మహాశయా, వాషింగ్టన్‌లోనూ మాస్కోలోనూ కూర్చున్నవాళ్ళకి ప్రపంచం ఎలా కనిపించిందో అది.

"ఇద్దరాడే ఆటలో మూడోవాణ్ణి ఎక్కడ కూర్చోబెడతాం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఈ ఆటల వంశవృక్షం చూస్తే మొదట్లో మూడోవాడు ఉండేవాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్స్ అనే లెఫ్టినెంటు క్రీగ్‌ష్పీల్ అని యుద్ధ శిక్షణ ఆట పెట్టాడు. రెండు పక్షాలు, మధ్యలో ఒక అంపైరు. ఆటగాళ్ళు కాయితం మీద ఆజ్ఞలు రాసిచ్చేవాళ్ళు, ఏది సాధ్యం, ఏది కాదు, ఎవరికి ఏం కనిపిస్తుంది అన్నది అంపైరు చూసుకునేవాడు. 1954లో అమెరికాలో ఛార్లెస్ రాబర్ట్స్ "టాక్టిక్స్" అనే ఆటని డబ్బాలో పెట్టి అమ్మడం మొదలెట్టాక, ఇంటికి అంపైరుని పంపలేరు కనక, ఆ మనిషి చేసే పనంతా రూల్సు పుస్తకంలోకి పోయింది. అంటే అంపైరు పోలేదు, అచ్చులో దాక్కున్నాడు. సాధ్యాసాధ్యాలు ముందే తేల్చేసి డబ్బాలో పెట్టినవాడే ఇప్పుడు అంపైరు. మన ప్రోగ్రామర్లకి ఇది విడమరిచి చెప్పాలా? తెర మీద బటన్ లేకపోతే ఆ పని యూజరు దృష్టిలో లోకంలోనే లేదు. ఏ బటన్ పెట్టలేదో చూస్తే చాలు, రాసినవాడి బుర్రలో ఏముందో తెలిసిపోతుంది.

అందుకే యుద్ధాల ఆటల కంటే విచారణల ఆటలు నన్ను ఎక్కువ కెలుకుతాయి. యుద్ధంలో ఇద్దరికీ తుపాకులుంటాయి. కోర్టులో?

"హై ట్రీజన్: ద ట్రయల్ ఆఫ్ లూయీ రియెల్" అని ఒకటుంది. అలెక్స్ బెర్రీ చేశాడు, 2016లో విక్టరీ పాయింట్ గేమ్స్ వేసింది. ఒకరు ప్రాసిక్యూషన్, ఒకరు డిఫెన్సు. ముందు జ్యూరీని తేల్చాలి. జ్యూరీకి రాగల ఒక్కొక్క మనిషికీ ఒక మతం, ఒక భాష, ఒక వృత్తి. ప్రొటెస్టెంటా కాథలిక్కా, ఇంగ్లీషువాడా ఫ్రెంచివాడా చూసుకుని మనకి పనికొచ్చేవాణ్ణి ఉంచుకోవడానికీ, పనికిరానివాణ్ణి పంపించెయ్యడానికీ కుస్తీ పట్టాలి. తరవాత సాక్షులు, వాదనలు, ఆఖరి ప్రసంగాలు. ఆటగా చూస్తే చాలా మంచి ఆట. న్యాయం అనేది చట్టం పుస్తకంలో కంటే జ్యూరీ పెట్టెలో కూర్చున్నవాళ్ళ పుట్టుపూర్వోత్తరాల్లో ఎక్కువుంటుందని మొహమాటం లేకుండా చెప్తుంది. సగం కోర్టు సినిమాలకి ఆ ధైర్యం లేదు.

రియెల్ ఎవరో తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. కెనడా పశ్చిమ మైదానాల్లో మెటీలని ఒక జాతి ఉంది. తోళ్ళ వ్యాపారానికి వెళ్ళిన ఐరోపా వాళ్ళకీ అక్కడి ఆదివాసీ స్త్రీలకీ పుట్టినవాళ్ళ సంతతి. 1869-70లో వాళ్ళ నేలని వాళ్ళనడక్కుండా కెనడా కలిపేసుకోబోతే రియెల్ అడ్డంగా నిలబడ్డాడు, మానిటోబా ప్రావిన్సు పుట్టింది ఆ గొడవలోంచే. అప్పుడే ఆయన తాత్కాలిక ప్రభుత్వం థామస్ స్కాట్ అనేవాణ్ణి కాల్పించింది, ఇంగ్లీషు ప్రొటెస్టెంట్లు దాన్ని మర్చిపోలేదు. 1885లో సస్కాచ్వాన్ నది దగ్గర మళ్ళీ తిరుగుబాటు. మే నెలలో బటోష్‌లో ఓటమి, రియెల్ లొంగిపోయాడు. జులై 20న రెజైనాలో విచారణ మొదలు, ఆగస్టు 1న తీర్పు, నవంబరు 16న ఉరి. ఆరోపణకి ఆధారం ఇంగ్లండులో 1351 నాటి రాజద్రోహ చట్టం! ఇవాళ మానిటోబాలో ఫిబ్రవరి మూడో సోమవారం ఆయన పేర సెలవు, 2008 నుంచీ ఇస్తున్నారు.

ఇప్పుడు జ్యూరీ చూడండి. అసలు విచారణలో జ్యూరీ ఆరుగురు. ఆరుగురూ ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంట్లు. ఎందుకలా? రియెల్‌ని మొదట విన్నిపెగ్‌కి పంపాలనుకున్నారు. అక్కడైతే మానిటోబా చట్టం ప్రకారం పన్నెండు మంది జ్యూరీ, అందులో సగం మంది ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు కావాలని అడిగే వీలుంది. దారిలో మనసు మార్చుకుని రెజైనాకి మళ్ళించారు. రెజైనా వాయవ్య ప్రాంతాల కిందకొస్తుంది, అక్కడ ఆరుగురే జ్యూరీ, పైన హ్యూ రిచర్డ్‌సన్ అని ప్రభుత్వ జీతం మీద ఉన్న మెజిస్ట్రేటు. కేసు సగం ఐపోయింది కోర్టులో కాదు, బండి ఎటు తిరగాలో అట్టావాలో తేల్చుకున్నప్పుడు.

ఆట మొదలయ్యేది ఆ తరవాత. బండి అప్పటికే రెజైనా చేరింది. పైగా అక్కడ ఫ్రెంచి కాథలిక్కుని జ్యూరీలోకి లాగే అవకాశం డిఫెన్సు ఆటగాడి చేతికిస్తారు. నిజంలో అస్సలు లేని అవకాశం. ఎందుకిచ్చారు? బ్యాలెన్సు కోసం! ఇద్దరికీ గెలిచే వీలుండాలి కదా మరి. ఆ వీలు ఉన్నట్టు చూపించడం కోసమే కదా అట్టావా వాళ్ళు కూడా విచారణ అనే తంతు పెట్టింది? అప్పటి ప్రభుత్వం ప్రపంచానికి ఏం చెప్పుకుందో (ఇదిగో కోర్టు, ఇదిగో లాయర్లు, ఇదిగో జ్యూరీ, ఇద్దరికీ సమాన అవకాశం) సరిగ్గా అదే మాట నూట ముప్ఫై ఏళ్ళ తరవాత ఆట డబ్బా కూడా చెప్తోంది. చేసినాయన ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. ఉద్దేశంతో పనిలేదు, రూలు ఆ మాట అంటోంది.

ఇంకో సంగతి దీనికంటే పెద్దది. క్విబెక్ నుంచి లెమ్యూ, ఫిట్జ్‌ప్యాట్రిక్, గ్రీన్‌షీల్డ్స్ అనే లాయర్లు వచ్చారు. వాళ్ళ వాదన ఒకటే: మా క్లయింటుకి మతి స్థిమితం లేదు, కనక శిక్ష వెయ్యకూడదు. రియెల్ దానికి ససేమిరా అన్నాడు. సాక్షుల్ని నేనే ప్రశ్నిస్తానని లేచి నిలబడ్డాడు, లాయర్లు కావాలో నువ్వే వాదించుకుంటావో తేల్చుకో అన్నారు. చివర్లో ఆయనకి మాట్లాడే వంతు వచ్చినప్పుడు, తన మాతృభాష కాని ఇంగ్లీషులో, గంటకి పైగా మాట్లాడాడు. ఇక్కడి జనం ఎన్ని అర్జీలు పెట్టుకున్నారు, అట్టావా ఎలా పట్టించుకోలేదు అని. తన లాయర్లు కట్టిన పిచ్చి వాదనని తన నోటితోనే కూల్చేశాడు. పిచ్చివాడని తేలితే ప్రాణం దక్కుతుంది, తన జనం ఆక్రోశం అంతా పిచ్చివాడి కూతలైపోతుంది. ఆయనకి అది అక్కర్లేదు. జ్యూరీ దోషి అంటూనే దయ చూపించమని సిఫార్సు చేసింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఆటలో డిఫెన్సు కుర్చీలో కూర్చున్నది ఎవరు? రియెలా, ఆయన లాయర్లా? ఇద్దరూ అంటే కుదరదు, వాళ్ళు కావాలనుకున్నవి వేర్వేరు. లాయర్లు గెలిస్తే రియెల్ ఓడినట్టు. రియెల్ తను చెప్పాలనుకున్నది చెప్పి గెలిస్తే లాయర్లు కేసు ఓడినట్టు. పాయింట్ల పట్టీలో ఒకటే గడి ఉంది, దోషి లేక నిర్దోషి. ఎవరి మెడ మీద తాడుందో ఆ మనిషి పేరు డబ్బా మీద ఉంది, బల్ల దగ్గర ఆయనకి కుర్చీ లేదు. ట్వైలైట్ స్ట్రగుల్‌లో దేశాలు గడులైనట్టే ఇక్కడ ముద్దాయి సామానైపోయాడు.

రెండు కుర్చీలు సరిగ్గా సరిపోయే కథలు కూడా ఉన్నాయి, లేవనను. "వాటర్‌గేట్" (2019, మాథియాస్ క్రామర్) తీసుకోండి. ఒకవైపు నిక్సన్, ఇంకోవైపు పత్రిక. సాక్షుల నుంచి నిక్సన్ దాకా ఆధారాల గొలుసు కట్టాలని ఒకరు, తెంపాలని ఒకరు. ఇద్దరి బలాలూ వేరు, ఇద్దరి గెలుపులూ వేరు, కథకీ రూల్సుకీ పొంతన ఉంది. నా వాదన ఇద్దరాడే ఆటలు వద్దని కాదు. రెండు కుర్చీలు వేసే ముందు వాటిలో కూర్చోవలసింది ఎవరో ఆలోచించమని.

"సరే, చరిత్రలో ఉన్నట్టే పెడితే డిఫెన్సు ప్రతిసారీ ఓడిపోతుంది, ఓడిపోయే పక్షం ఎవడాడతాడు?" ఇది మా వాళ్ళ బ్రహ్మాస్త్రం. దీనికి జవాబు మన ఊళ్ళ అరుగుల మీద ఉంది. పులిజూదం ఎప్పుడైనా ఆడారా? మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని తినగలదు, మేక దేన్నీ తినలేదు. పులి గెలుపు అంటే తినడం, మేకల గెలుపు అంటే పులుల్ని కదలకుండా కట్టెయ్యడం. బలం సమానం కాదు, కదలిక సమానం కాదు, గెలుపు అన్న మాటకి అర్థమే ఇద్దరికీ వేరు. సుద్దముక్కతో గీత గీసుకుని ఆడిన మా తాతల్లో ఎవరైనా "బ్యాలెన్సు లేదు, మేకలకి కూడా కోరలు పెట్టండి" అన్నారా? ఒక ఆట ఐపోయాక పులులవాడు మేకలు తీసుకునేవాడు, మేకలవాడు పులులు తీసుకునేవాడు. ఎవడు ఎన్ని మేకల్ని పోగొట్టుకున్నాడో చూసుకునేవాళ్ళు, ఐపోయింది. న్యాయం ఆటలో ఉండక్కర్లేదు, ఆటగాళ్ళ మధ్య ఉంటే చాలు. చేతులు మార్చుకుని రెండాటలు ఆడితే అది వచ్చేస్తుంది. ఈ చిన్న ముక్క కోసం చరిత్రని వంచి ఫ్రెంచి జ్యూరరుని పుట్టించనక్కర్లేదు.

విచారణల ఆటే కావాలంటే ఒక్క ఎర్రకోటలోనే రెండున్నాయి. 1858 జనవరి 27 నుంచి మార్చి 9 దాకా బహదూర్ షా జఫర్ విచారణ. ఎనభై దాటిన ముసలాయన, ప్రాణం తియ్యమని లొంగిపోయేటప్పుడే మాటిచ్చారు, రంగూన్‌కి పంపారు. దాన్ని ఇద్దరాడే బ్యాలెన్సు ఆటగా చేస్తే నవ్వుతారు. ఆ విచారణలో ఒకటే కుర్చీ ఉంది. ఇంకోటి 1945 నవంబరు 5న మొదలైన ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణ. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. డిఫెన్సు తరఫున భూలాభాయ్ దేశాయ్. సైనిక కోర్టు, రాజు మీద యుద్ధం చేశారని ఆరోపణ. నేనైతే ఈ ఆటలో కోర్టు తీర్పుని పాచిక మీద పెట్టను. తీర్పు దోషి అనే, అది మొదటి పేజీలోనే రాసేస్తాను. అసలు ఆట కోర్టు బయట. ఒక కుర్చీలో ప్రభుత్వం, ఇంకో కుర్చీలో కోర్టుని వేదికగా వాడుకుంటున్న జనం. ముద్దాయిలూ లాయర్లూ ఇక్కడ ఒకే మాట మీద ఉన్నారు కనక ఆ కుర్చీ పట్టుకుంటుంది. ప్రభుత్వం వేసిన మొదటి ఎత్తే చూడండి: ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు, ముగ్గుర్నీ కలిపి, పోయిపోయి ఎర్రకోటలో నిలబెట్టారు. ఎవరి చేతిలో పెట్టిన కార్డు ఎవరికి పనికొచ్చింది! ఆ నవంబరులోనే కలకత్తా వీధుల్లో ఊరేగింపులు, కాల్పులు. శిక్ష ద్వీపాంతరం అన్నారు. 1946 జనవరి 3న సేనాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్ష రద్దు చేసేశాడు. ఇంకో నెలన్నరకి, ఫిబ్రవరి 18న, బొంబాయిలో నావికులు లేచారు. కోర్టులో నెగ్గిన ప్రభుత్వం సైన్యంలో ఎంత పోగొట్టుకుంటే ఆ గెలుపు గెలుపవుతుంది అన్నది లెక్క. ఆ లెక్క చుట్టూ రాస్తే రూల్సు పుస్తకం ఇరవై పేజీలు దాటదు.

ఇక రెండో గుంపు ఉంది, వాళ్ళనీ వదలను. ఇలాంటి విషయాల మీద ఆటలేంటి, ఛీ అనేవాళ్ళు. 2019లో "స్క్రాంబుల్ ఫర్ ఆఫ్రికా" అనే ఆట మీద గొడవై జీఎంటీ వాళ్ళు ముందస్తు ఆర్డర్ల జాబితాలోంచి తీసేశారు. (అది ఇద్దరాట కాదు, విషయం మాత్రం ఇదే: ఐరోపా వాళ్ళకి కుర్చీలు, ఆఫ్రికా అట్ట.) తియ్యడం వాళ్ళ ఇష్టం, బహుశా మంచిదే. కానీ పేరు చూసి ఛీ అనడం, రూల్సు చదివి ఇదిగో ఈ పేజీలో ఈ లైను అబద్ధం అని చూపించడం ఒకటి కాదు. మొదటిది ఎవరైనా చెయ్యగలరు. పేరు మార్చి, బొమ్మలు మార్చి, అవే రూల్సుతో ఇంకో డబ్బా దించితే ఆ ఛీ అన్నవాళ్ళే కొనుక్కుంటారు. వినోదం అని తీసిపారెయ్యడం ఎంత బద్ధకమో ఇదీ అంతే బద్ధకం, రెండు గుంపులూ రూల్సు పుస్తకం తెరవరు.

ఇదంతా మా గుంపులో చెప్పినప్పుడు ఒక తమ్ముడు, నిజంగానే మంచి మనసుతో, "ఐతే అన్నా, మనమే అల్లూరి మీద ఒకటి చేద్దాం, ఇద్దరాట, సీతారామరాజు వర్సెస్ బ్రిటిష్" అన్నాడు. అందరికీ హుషారొచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడు కదా, ఆటకి ఇంతకంటే ఏం కావాలి అని అప్పుడే కార్డుల పేర్లు రాసేస్తున్నారు. డబ్బా మీద విల్లు పట్టుకున్న బొమ్మ ఎవరితో వేయించాలా అన్నదాకా వెళ్ళిపోయింది చర్చ.

నేను రెండే అడిగాను. ఆ కుర్చీలో ఒక్క రాజు గారే కూర్చుంటారా? పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టం, కూలి సరిగ్గా ఇవ్వకుండా వేయించిన రోడ్లు, ముఠాదారుల హక్కుల కోత, ఇవన్నీ ఆయన రాకముందు నుంచీ ఉన్న గొడవలు. గాం గంటం దొర, గాం మల్లు దొర ఆయన చేతిలో బిళ్ళలా, లేక వాళ్ళకి వాళ్ళ కార్డులు, వాళ్ళ గెలుపు ఉంటాయా? మల్లు దొర జైలుకి వెళ్ళి, బతికి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆయన కథ ఆ పాయింట్ల పట్టీలో ఏ గడిలో పడుతుంది?

రెండోది విచారణ గురించి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు గార్ని పట్టుకున్నారు, కోర్టు మొహం చూపించకుండానే కాల్చేశారు. పారిపోబోతే కాల్చామన్నది సర్కారు చెప్పుకున్న మాట. రియెల్‌కి అబద్ధపు జ్యూరీ ఐనా దక్కింది, జఫర్‌కి తంతు ఐనా దక్కింది, ఈయనకి అదీ లేదు. మరి మన ఆటలో ఆ రోజు రూలు ఏంటి? పాచిక వేస్తామా? తప్పించుకునే కార్డు ఒకటి పెడతామా, బ్యాలెన్సు కోసం? లేక బ్రిటిష్ కుర్చీలో కూర్చున్నవాడు ఆ పని తన చేత్తో చేసి, ఎందుకు చేశాడో పై అధికారులకి పంపే కాయితం తనే రాయాలా? ఆ పేజీ రాసి తీసుకురమ్మన్నాను తమ్ముణ్ణి. డబ్బా మీద బొమ్మ సంగతి ఆ తరవాత మాట్లాడదామన్నాను.